కొసరు వేసే చెయ్యి

కొట్టు వెనక గదిలో చేట పట్టుకుని కూర్చోవడం ధర్మపీఠం వచ్చాక అలవాటైన పని. అంతకుముందు నా చోటు ముందు, గల్లాపెట్టె దగ్గర. తిరువూరు బజారులో పప్పుల కొట్టు కోటేశ్వరమ్మ అంటే గంపలగూడెం నుంచి విస్సన్నపేట దాకా చిల్లర కొట్లవాళ్ళందరికీ తెలుసు. మా ఆయన పోయాక కొట్టును పెంచానే గాని తగ్గించలేదు.

పీఠం చేతికి అధికారం వచ్చిన కొత్తలోనే బజారు పొడవునా పలకలు పాతారు. 'త్రాసు పురుషునిది, పొయ్యి స్త్రీది.' ఆడది కాటా ముట్టుకుంటే ఊరికి కరువొస్తుందని పొద్దునా సాయంత్రం మైకుల్లో చెప్పేవారు. మా ఫోన్లు తీసుకున్నారు, బ్యాంకు పుస్తకాలు తీసుకున్నారు. మొగుడు లేని ఆడవాళ్ళ కొట్లు దగ్గరి మగవాళ్ళ పేరుకు మార్చారు. నా కొట్టు మా మరిది రామలింగేశ్వరరావు పేరుకు పోయింది.

మా మరిది మంచివాడు. వర్తకుడికి అంతకు మించిన లోపం ఉండదు. పెళ్ళి చేసుకోలేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు, ఎవరైనా మొహం వేలాడేసుకుని నిలబడితే కొన్న ధరకే ఇచ్చేస్తాడు. వారం తిరిగేసరికి కొట్టు మునిగే దారి పట్టింది. అప్పుడు నేను చేట అందుకున్నాను.

ముందు గదికీ వెనక గదికీ మధ్య గోనెపట్టా తెర ఒకటే అడ్డం. ఆడవాళ్ళు పప్పు చెరగడానికి నిషేధం లేదు. చేట మీద అరచేత్తో ఒక్కసారి కొడితే ఇచ్చెయ్ అని. రెండుసార్లు కొడితే వద్దని. ఆపకుండా చెరుగుతుంటే ఇంకా బేరమాడమని. మా మరిది పేపరులోంచి తలెత్తకుండా నా మాట వినేవాడు. కొనేవాళ్ళు ఆయన గడుసుతనానికి ఆశ్చర్యపోయేవాళ్ళు. అలా మూడేళ్ళు నెట్టుకొచ్చాను.

దొరికితే ఏమవుతుందో తెలియక కాదు. విస్సన్నపేటలో మామిడికాయల తూకం చూస్తూ ఒకామె దొరికింది. ఆమెను శుద్ధిగృహానికి తీసుకెళ్ళారు. పట్టుకున్నవాడిని మండలాధికారిని చేశారు. మరుసటి ఎండాకాలంలో ఆమెను తిరిగి పంపారు. నేను చూశాను. ఒంటి మీద ఒక్క గాటు లేదు. కానీ ఎదురుగా ఎవరు వచ్చినా గోడవైపు తిరిగి నిలబడుతుంది, కన్నకొడుకు వచ్చినా సరే. అయినా మర్నాడు చేట పట్టుకున్నాను. నష్టం ఎంతో తెలిశాక కూడా బేరం వదలలేని రోజులు కొన్ని ఉంటాయి.

నాకు ఒక్కతే కూతురు, సాయిప్రసన్న. కొట్టులోనే పెరిగింది. బస్తాల మీద పడుకుని ఎక్కాలు చదివింది. పదో తరగతిలో ఉండగా ఆడపిల్లల బళ్ళు మూసేశారు. చదువుకున్న ఆడపిల్లలంతా మూడేళ్ళు మరుపు దీక్ష చెయ్యాలి, పద్దెనిమిది నిండగానే మరుపు పరీక్షకు కూర్చోవాలి. చదువు, లెక్క పూర్తిగా మరిచిపోయినట్టు పీఠం ముందు రుజువు చేసుకుంటే చేతికి ఇత్తడి గాజు బిగిస్తారు. ఆ గాజు ఉంటే మగతోడుతో బస్సెక్కొచ్చు, పక్కనున్న నెమలి ఊరి గుడికి వెళ్ళిరావొచ్చు, ఇంట్లో బతకొచ్చు. రుజువు చెయ్యలేని పిల్లకు శుద్ధిగృహం.

వర్తకుల ఇంట పుట్టిన పిల్లకు లెక్క మరిపించడమంటే చేపకు ఈత మరిపించడమే. అందుకని నేను ఆ దారిన పోలేదు. మరిచినట్టు నటించడం కూడా చాలదు, పీఠంవాళ్ళు కళ్ళు చూస్తారు. పరీక్ష ఏడాది ఉందనగా దానికి మోసపోవడం నేర్పడం మొదలుపెట్టాను.

రోజూ వంటయ్యాక అది నా ముందు బాసింపట్టు వేసుక్కూర్చునేది.

"ఊఁ, మోసం చెయ్యమ్మా. ఇవాళ కందిపప్పా, పెసలా?"

నేను మినుముల్లో రాళ్ళు కలిపి దాని దోసిట్లో పోసేదాన్ని. అర సోల పోసి సోల అనేదాన్ని. దాని కనుబొమ్మ కదిలేది.

"కళ్ళు చెప్పేస్తున్నాయే."

"రాళ్ళు అంతంత కనపడుతుంటే కళ్ళేం చేస్తాయి?"

"నేల మీద పెట్టు. ఇచ్చింది తీసుకో, దణ్ణం పెట్టు, వెనక్కి తిరుగు."

"నా బదులు బాబాయ్‌ని పంపమ్మా. చదవకుండానే పాసైపోతాడు."

తెర అవతల నుంచి మరిది గొంతు వచ్చేది. "నాకు వినపడుతోందే, దొంగమొహమా."

ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. నవ్వు చప్పుడు వీధిలోకి పోతుందేమోనని వెంటనే ఆపేసేవాళ్ళం.

ఆ ఏడాది చివరికి పిల్ల బాగా తయారైంది. రాళ్ళున్న మినుములు చేతిలో పోసినా దాని మొహం నీళ్ళు లేని చెరువులా ఉండేది. నాకు తృప్తి కలిగింది. ఆ మొహం చూసి భయం కూడా వేసింది.

పరీక్ష బస్టాండుకు దగ్గర్లో, ఒకప్పుడు పెళ్ళిళ్ళు జరిగిన హాల్లో. తల్లులం కొంగులు నెత్తి మీదికి లాక్కుని గోడ పక్కన కూర్చున్నాం. వేదిక మీద ముగ్గురు నియమపాలకులు. మధ్యలో కూర్చున్నవాడు గిరిబాబు. మా వీధిలో పెరిగినవాడే. చిన్నప్పుడు వాళ్ళమ్మ పప్పుకు పంపితే, పొట్లం తీసుకుని కదలకుండా "అత్తా, కొసరు" అని చెయ్యి చాపేవాడు. బెల్లం ముక్క పెట్టేదాన్ని. పెద్దయ్యాక సెల్ రీచార్జీలు అమ్ముకుని బతికాడు. పీఠం రాగానే తెల్ల కండువా వేసుకున్నాడు. ఇప్పుడు అతని ముందు పటకారూ, ఇత్తడి గాజుల బుట్టా ఉన్నాయి.

మాకంటే ముందు ఒక రైతు కూతురిని పిలిచారు. ఆ అమ్మాయి చేతికి అచ్చువేసిన కాగితం తలకిందులుగా ఇచ్చారు. ఏమీ అడగలేదు. పట్టుకుని నిలబడమన్నారంతే. కాసేపటికి ఆ పిల్ల చేతులు వాటంతట అవే కాగితాన్ని సరిగ్గా తిప్పాయి.

వెనక తలుపు తెరిచారు. అక్కడ వ్యాను ఆగి ఉంది. అమ్మాయి ఒక్కసారి "అమ్మా" అంది. తల్లి నా పక్కనే ఉంది. లేవలేదు. లేస్తే తనే నేర్పిందని అర్థం, ఇంట్లో ఇంకో పిల్ల ఉంది. కొంగు అంచును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూ కూర్చుంది.

తర్వాత సాయిప్రసన్నను పిలిచారు.

కాగితం ఇచ్చారు. అది తలకిందులుగానే పట్టుకుని, మూలలతో ఆడుకుంది. చిల్లర తక్కువిచ్చారు. కళ్ళకద్దుకుని తీసుకుంది. రెండు గింజల కుప్పలు చూపించి ఏది కావాలన్నారు. చిన్నది చూపించింది. పిల్ల తడబడలేదు.

చివరికి గిరిబాబు ఒక సోల, బియ్యపు గంగాళం, ఖాళీ బస్తా ముందు పెట్టాడు. "పీఠానికి నైవేద్యం పొయ్యమ్మా. పది సోలలు."

పిల్ల పోసింది. మూడు పోసి ఆగింది, దిక్కులు చూసింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది, ఎనిమిది దగ్గరే పది అయినట్టు ఆపేసింది. అచ్చం నేను నేర్పినట్టే. పక్కనున్న పెద్ద నియమపాలకుడు తల ఊపాడు. పిల్ల భుజాలు దిగాయి. గండం గడిచిందనుకుంది. నేనూ అనుకున్నాను.

సోల కింద పెడుతూ దాని కుడిచెయ్యి గంగాళంలోకి వెళ్ళింది. మూడు వేళ్ళతో చిటికెడు బియ్యం తీసి, బస్తాలో పోసినదాని మీద వేసింది.

కొసరు.

కొసరు అడిగే చెయ్యి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వేసే చెయ్యి మాత్రం కాటా వెనకే తయారవుతుంది. తూకం ఎంత సరిగ్గా ఉన్నా కొసరు లేకుండా పొట్లం కట్టకూడదని మా ఆయన దానికి ఐదో ఏట నేర్పాడు. నేను కళ్ళకు నేర్పాను, నోటికి నేర్పాను, కాళ్ళకు నేర్పాను. ఆ మూడు వేళ్ళ సంగతి నాకు గుర్తే లేదు. ఎందుకంటే నా వేళ్ళు కూడా అదే పని చేస్తాయి, నాకు తెలియకుండా.

మిగతా ఇద్దరూ చూడలేదు. గిరిబాబు చూశాడు. మా కొట్టు ముందు చెయ్యి చాపి పెరిగినవాడు. పిల్ల వేళ్ళ నుంచి చూపు మెల్లగా నా వైపు తిప్పాడు. తర్వాత బుట్టలోంచి గాజు తీసి, సాయిప్రసన్న చేతికి తొడిగి, పటకారుతో తనే బిగించాడు.

"మరిచిపోయింది," అని గట్టిగా ప్రకటించాడు.

ఇంటికి వచ్చాం. పొద్దుగూకాక పిల్ల గాజున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, నేను వేశానా?" అంది.

"వేశావు."

"చూశాడా?"

"చూశాడు."

"మరి గాజెందుకు వేశాడు?"

నా భయమంతా అదే. ఊరికే ఇచ్చిన సరుకుకే ధర ఎక్కువ.

అతను నాలుగు రోజులు నానబెట్టి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఎండకు బజారంతా మాగన్నుగా ఉన్న వేళ. నేను వెనక గదిలో మినప్పప్పు చెరుగుతున్నాను. సాయిప్రసన్న నా పక్కనే రాళ్ళు ఏరుతోంది.

"బాబాయ్‌గారూ, బాగున్నారా?" స్టూలు లాక్కున్న చప్పుడు.

"రండి బాబూ, రండి. ఏం కావాలి? కందిపప్పు కొత్తది వచ్చింది," అన్నాడు మా మరిది.

"పప్పుకు రాలేదు. గాజు బాగుందా అని అడగడానికి వచ్చా. నేనే బిగించాగా."

"బాగుంది బాబూ. మీ దయ."

"చెయ్యి కూడా మంచిది. అలవాటున్న చెయ్యి."

నా చేట ఆగింది. ఆగడం కూడా జవాబే అని తట్టి మళ్ళీ చెరగడం మొదలుపెట్టాను. పప్పు సగం కింద పడుతోంది.

గిరిబాబు గొంతు తగ్గించాడు. "నియమపాలకులకు రెండో ఇల్లాలు ఉండొచ్చని పీఠం ఆజ్ఞ ఇచ్చింది. పిల్లని మా ఇంటికి పంపండి. గాజు గాజులాగే ఉంటుంది. లేదంటారా, ఆ చిటికెడు బియ్యం సంగతి నేను పైకి చెప్పాల్సొస్తుంది."

మా మరిది పేపరు మడిచిన చప్పుడైంది.

"మీరేం చెప్పక్కర్లేదు బాబాయ్. చేట చెప్తుందిగా," అన్నాడు గిరిబాబు.

తెలుసన్నమాట. ఎప్పటి నుంచో తెలుసు. అవసరం వచ్చేదాకా దాచుకున్నాడు. అతని చోట ఉంటే నేనైనా అంతే చేసేదాన్ని.

సాయిప్రసన్న నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఆలోచించాను. గాజు బిగించింది ఎవరు? అతనే. అందరి ముందూ, తన నోటితో మరిచిపోయింది అన్నాడు. బస్తా మీద తన ముద్ర వేసినవాడు తర్వాత సరుకు బాగాలేదంటే ముందు మాట పోయేది అతనిదే. పిల్ల దోషి అయితే అతనూ దోషే. నాకు ఊపిరి వచ్చింది.

చేట మీద రెండుసార్లు కొట్టాను.

అవతల చిన్నగా నవ్వు వినిపించింది. "అత్త లెక్క బాగానే వేసింది. తప్పుడు గాజు వేశానని నా మెడకే చుట్టుకుంటుంది, అంతేగా? కానీ అత్తా, తప్పు ఒప్పుకున్న మగాడికి పీఠం క్షమ ఇస్తుంది. పదకొండు కొబ్బరికాయలు కొట్టాలి, అంతే. మీ ఆడవాళ్ళకి ఆ క్షమ లేదుగా."

నలభై ఏళ్ళ వ్యాపారంలో నేను అంత పెద్ద తప్పు చెయ్యలేదు. కాటాకు రెండు పక్కలా ఒకే రాయి ఉందనుకున్నాను.

గోడవైపు తిరిగి నిలబడిన విస్సన్నపేట మనిషి నా కళ్ళ ముందు మెదిలింది. ఆ మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు దానికి మా పిల్ల మొహం వచ్చింది.

చేట పక్కన పెట్టి లేచాను. తెర తీసి ముందుకు వచ్చి, "జరుగు మరిదీ" అని, గల్లా దగ్గర కూర్చున్నాను. ఎండ కళ్ళలో పడింది. మూడేళ్ళయింది ఆ ఎండ నా మీద పడి.

"వదినా, వద్దు. లోపలికి పో వదినా," అన్నాడు మరిది.

గిరిబాబు కూడా వీధి వైపు చూశాడు. అతనికీ భయమేసింది.

"గిరీ, సరుకు ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం," అన్నాను. "పిల్ల సంగతి పైకి చెప్తే నీకేం వస్తుంది? క్షమ. కొబ్బరికాయల ఖర్చు నీదే. పిల్లని ఇంటికి తీసుకెళ్తే ఏం వస్తుంది? రోజూ మీ ఇంట్లో అన్నం వడ్డిస్తుంది, వచ్చినవాళ్ళకు బియ్యం పోస్తుంది. ఆ వేళ్ళు ఎప్పుడో ఒకరోజు మీ పైవాడి ముందు కొసరు వేస్తాయి. అప్పుడు కొబ్బరికాయలతో పోతుందా?"

అతను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మూడేళ్ళు మీ అందరి ముక్కు కింద కొట్టు నడిపిన ఆడదాన్ని పట్టుకుంటే ఏం వస్తుందో నీకు తెలుసు. విస్సన్నపేటవాడు జీపులో తిరుగుతున్నాడు."

అతని చూపు మారింది. బేరానికి వచ్చినవాడి కళ్ళు నాకు తెలుసు. ధర నచ్చినప్పుడు రెప్ప వెయ్యడం ఆగిపోతుంది.

"మీరే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను. ఇలాగే కూర్చుని ఉంటాను, రేపు పొద్దున్న, అందరూ చూస్తుండగా. నువ్వు వచ్చి పట్టుకో. అయితే నన్ను పట్టుకోగానే పీఠం ఇల్లంతా తిరగేస్తుంది. పిల్లకి మళ్ళీ పరీక్ష పెడుతుంది. అది మళ్ళీ కొసరు వేస్తే నీ గాజు తప్పని తేలుతుంది, జీపు రాదు. నీకు జీపు కావాలంటే అది ఈ ఊళ్ళో ఉండకూడదు. పొద్దున్న ఖమ్మం బస్సులో బాబాయ్‌తో వెళ్తుంది. అవతల పీఠం మాట చెల్లదు. బస్సు సరిహద్దు గేటు దాటాకే నువ్వు రావాలి."

"అది నాకేం గిట్టుబాటు? ఒకటి అమ్మి రెండు అడుగుతున్నారు."

"అది కొసరు," అన్నాను. "నా కొట్లో నువ్వెన్నిసార్లు తీసుకున్నావు?"

చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. తర్వాత లేచి, కండువా సర్దుకుని, "పొద్దున్న," అని వెళ్ళిపోయాడు. కాగితం లేదు, సాక్షి లేడు. నోటిమాట. అలాంటి బేరం ఎవరైనా కుదుర్చుకుంటే నేను తిట్టేదాన్ని.

తెల్లవారి వాళ్ళిద్దరినీ పెరటి దారిన పంపాను. సాయిప్రసన్న గడప దగ్గర ఆగిపోయింది.

"ఈ చెయ్యి నరుక్కోవాల్సిందమ్మా."

"నోరుముయ్. మీ నాన్న నేర్పిన చెయ్యి అది. అవతల ఎక్కడైనా కొట్టు పెడితే నీకు అదే అన్నం పెడుతుంది. బస్సులో మాత్రం కళ్ళు నేల మీద పెట్టు."

"నువ్వు?"

"నేను బాబాయ్‌ని కాదు, మోసపోను." అది నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మరిది చేతిలో సంచి పెట్టి చెప్పాను. "నిన్ను అడిగితే వదిన నన్ను మోసం చేసిందను. మగవాడివి, నమ్ముతారు. గేటు దాటించి వెనక్కి వచ్చే బస్సెక్కి పెరటి వైపు నుంచి రా. ముందుకు రావద్దు. చేట అక్కడే ఉంది." ఆయన కళ్ళు తుడుచుకుని తల ఊపాడు.

షట్టరు ఎత్తి, నీళ్ళు చల్లి, గల్లా దగ్గర కూర్చున్నాను. బజారులో వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసి అడుగు తడబడి, చూడనట్టు వెళ్ళిపోయారు. ఎదురు కొట్టాయన షట్టరు సగానికి దించేశాడు. బోణీకి వచ్చింది జ్ఞానమణి. చర్చి వీధిలో బట్టలు కుట్టేది, ఆమె మిషను పీఠంవాళ్ళు ఎత్తుకుపోయారు. వంచిన తల ఎత్తి నన్ను చూసి కొయ్యబారింది.

"అక్కా, లోపలికెళ్ళండి. చూస్తారక్కా."

"చూడనీ. ఏం కావాలి?"

"కిలో కందిపప్పు," అంది మెల్లగా.

కాటా మీద పోశాను. వేళ్ళు చిటికెడు పప్పు తీసి పైన వేశాయి. జ్ఞానమణి పొట్లాన్ని బిడ్డలా గుండెకు హత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పీఠం జీపు నేననుకున్నదానికంటే ముందే వచ్చింది.

గిరిబాబు దిగాడు. వెనక ఇద్దరు, వాళ్ళతో పాటు, పట్టుబడ్డ ఆడవాళ్ళ తలకు తొడిగే ముసుగు సంచి పట్టుకున్న ఒకామె. అతను నా వైపు చూడలేదు, ఫోను చూసుకుంటున్నాడు. ఎవరితోనో "ఆఁ, గేటు దగ్గరేనా?" అన్నాడు. గేటు దగ్గర ఎవరు? నేను చెప్పిన బస్సు, నేను చెప్పిన వేళ, నేను చెప్పిన దారి. దొంగకు తాళంచెవి నేనే ఇచ్చానా? పిల్లకు ఏడాది పాటు మోసపోవడం నేర్పింది నేనే. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చేమో.

"లేవండి," అన్నాడు, మొదటిసారి కళ్ళెత్తి. ఆ కళ్ళలో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఎవరి కళ్ళనైనా చదివేదాన్ని, ఆ రోజు చదవలేకపోయాను.

"తూకం సగంలో ఉంది," అన్నాను. కాటా మీద ఏమీ లేదు.

ఇద్దరిలో ఒకడు మెట్టెక్కాడు. నేను గల్లాపెట్టె అంచు పట్టుకున్నాను. ముసుగు సంచి నోరు తెరిచారు.

వెనక గదిలో తలుపు కిర్రుమంది. ఎవరో రొప్పుతున్నారు. తర్వాత చేట మీద అరచెయ్యి పడిన చప్పుడు.

ఒక్కటి.

రెండోది వస్తుందేమోనని చెవులు అప్పగించి కూర్చున్నాను. గిరిబాబు కూడా తెర వంకే చూస్తున్నాడు. మెట్టు మీదివాడు నా భుజం పట్టుకున్నాడు. రెండోది పడితే వద్దని, కాలేదని, పిల్ల దొరికిపోయిందని.

రెండోది పడలేదు.

నేను కాటా పళ్ళెం కొంగుతో తుడిచి, లేచాను.